ఎడమ కాలికి రెండు మార్కులు

"నొప్పి ఎంత? సున్నా నుంచి పది లోపు చెప్పండి."

ఆ ఫిజియోథెరపిస్ట్ మా ఇంటికొచ్చిన మొదటి రోజు అడిగిన ప్రశ్న ఇదే. నా నడుము ఆపరేషన్ అయి నెల దాటింది. నడుము బాగానే ఉంది. ఎడమ కాలు మాత్రం పిరుదు నుంచి మడమ దాకా మండుతూనే ఉంది. నేను సెలూన్‌లో కటింగ్ చేసేవాణ్ణి. నిలబడలేకపోతే నాకు పనే లేదు.

"ఏడు" అన్నాను. ఆమె ముఖం వాడిపోయింది. చూడలేక మర్నాడు "మూడు" అన్నాను. అబ్బ, నవ్వింది చూడండి! బుగ్గ మీద సొట్ట కూడా పడింది. నా కొంప మునిగింది అక్కడే.

ఇక నొప్పి ఎంతున్నా నా నోట రెండో మూడో తప్ప రాలేదు.

"భలే కోలుకుంటున్నారండీ!" అంటూ ఆమె వ్యాయామాలు పెంచుకుంటూ పోయింది. పది నిమిషాల నడక కాస్తా అరగంట అయింది. నేను పళ్ళు బిగబట్టి నడిచాను.

పన్నెండో రోజు కాలు మొరాయించింది. మంచం దిగబోయి అక్కడే కూలబడ్డాను. అమ్మ కంగారుగా ఫోన్ చేస్తే ఆమె జోరువానలో పరిగెత్తుకొచ్చింది.

వస్తూనే కాలి వేళ్ళు కదపమంది. పాదంతో తన అరచేతిని నెట్టమంది. "తిమ్మిరి పెరిగిందా? మూత్రం సరిగ్గా వస్తోందా?" అని అడిగింది. అమ్మ ముందే! సిగ్గుతో చచ్చిపోయాను.

"హమ్మయ్య, బలం తగ్గలేదు. అయినా సర్జన్ గారికి చెప్తాను" అని కుర్చీలో కూర్చుంది. కళ్ళలో నీళ్ళు. "తప్పు నాదే. మీ చేత ఎక్కువ చేయించాను."

"మీది కాదండీ. నేనే అబద్ధం చెప్పాను. నొప్పి ఏ రోజూ ఆరు కంటే తగ్గలేదు."

"ఎందుకలా?"

"తక్కువ చెప్తే మీరు నవ్వుతారుగా..."

అమ్మ ఏదో పని గుర్తొచ్చినట్టు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"మీకేమైనా పిచ్చా?" అందామె. "నడుము నుంచి కాల్లోకి దిగే నరం ఏడాది పాటు నలిగింది. ఆపరేషన్‌తో ఒత్తిడి పోయినా అది కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు. నొప్పి ఉన్నంత మాత్రాన ఆపరేషన్ ఫెయిలైనట్టు కాదు. ఎంత ఉందో చెప్తేనే కదా ఎంత నడిపించాలో నాకు తెలిసేది!"

"మళ్ళీ నిలబడి కత్తెర పట్టగలనా?"

"మాట ఇవ్వలేను. కానీ ఆశ ఉంది, చాలా ఉంది. కాస్త నడక, కాస్త విశ్రాంతి, రోజూ కొంచెం కొంచెం."

ఆపరేషన్ అయినప్పటి నుంచీ నన్ను తినేస్తున్న భయం అదే. సిగ్గు విడిచి ఏడ్చేశాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

"రేపటి నుంచి మా సీనియర్ వస్తారు" అంది చివరికి.

"ఇంకా కోపమా?"

"కోపం కాదు. నా దగ్గర వైద్యం చేయించుకునే మనిషి గురించి నేను ఇలా ఆలోచించకూడదు."

"ఇలా అంటే?"

ఆమె తలుపు వైపు నడిచింది. వంటింట్లోంచి అమ్మ కేక వినిపించింది. "ఒరేయ్, ఆ మాత్రం అర్థం కాలేదా? అమ్మాయీ, వైద్యానికి ఎవరొచ్చినా సరే. సాయంత్రాలు మాత్రం నువ్వు రా తల్లీ. వీడి నడకకి తోడు కావాలి."

ఆమె గడపలో ఆగింది. అప్పటిదాకా అమ్మను ఆంటీ అనే పిలిచేది.

"అలాగే వస్తాను, అత్తయ్యా" అంది.