ఇంటర్వెల్ దాకా చూసిన మనిషి

శాంతయ్య మీద హన్నమ్మకి ఉన్న ఫిర్యాదులన్నీ రాయడం మొదలుపెడితే తిరువూరు బజార్లో దొరికే నోటుపుస్తకాలు చాలవు. అన్నిటికీ మూలం మాత్రం ఒక్కటే. ఆ మనిషి దేన్నీ చివరిదాకా చూడడు. పెళ్లికి వెళితే భోజనాలకి ముందే లేచొస్తాడు. చర్చిలో ఆశీర్వాద ప్రార్థన మొదలయ్యేసరికి చెప్పుల దగ్గరుంటాడు. అన్నంలో మజ్జిగ దాకా ఆగడు. ఆవిడ తిట్టే తిట్లయినా పూర్తిగా వినడు. అలాంటివాడు మిలటరీలో పద్దెనిమిదేళ్లు ఉండి, హవల్దారుగా రిటైరై ఎలా వచ్చాడో ఆవిడకి ఇప్పటికీ అంతుపట్టదు.

ఆ శుక్రవారం పొద్దున కూడా రెండో పెసరట్టు సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

"ఆ కాగితం ఇవ్వను. ఇంక నన్ను అడగొద్దు," అన్నాడు.

ఆ కాగితం కూతురు ప్రేమకుమారిది. గుంటూరులో నర్సింగు చదివిన పిల్ల, మిలటరీ ఆసుపత్రుల్లో నర్సు ఉద్యోగానికి ఎంపికైంది. సోమవారం సికిందరాబాదులో చేరాలి. ఉత్తర్వు వచ్చిన రోజే శాంతయ్య దాన్ని తన మిలటరీ ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి ఆయన మొలతాడుకి వేలాడుతోంది.

"కారణం చెప్పు నాన్నా," అంది ప్రేమకుమారి.

"నిన్న సినిమాలో కళ్లారా చూశా. సినిమా పేరు పదమూడో బంకరంట. అందులో మిలటరీ నర్సు మందుల పెట్టెలో చీటీ దాచి ఎవడికో ఇచ్చింది. అంటే శత్రువుల మనిషే. రెండో వారం ఆడుతోంది, ఊరంతా చూస్తున్నారు. రేపు నువ్వు అదే ఉద్యోగంలో చేరితే బజార్లో ఏమంటారు?"

"చివరికి ఏమైంది ఆ నర్సు?"

"ఏమో. ఇంటర్వెల్‌కే లేచొచ్చా. అది చూశాక ఇంకేం చూడాలి?"

తల్లీ కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సినిమా సంగతి పక్కన పెట్టండి," అంది హన్నమ్మ. "మీరు అక్కడ పద్దెనిమిదేళ్లున్నారుగా. మీకు తెలిసింది చెప్పండి."

"తెలుసు కాబట్టే వద్దంటున్నా. నర్సుల గురించి జవాన్లు ఏం మాట్లాడుకుంటారో నాకు తెలుసు," అని ఆయన సైకిలెక్కి మామిడితోటకి వెళ్లిపోయాడు. ఆ మాట కూడా సగమే.

మధ్యాహ్నం హన్నమ్మ జడ వేసుకుని, పక్కింటి చాంద్‌బీని వెంటబెట్టుకుని మ్యాటినీకి బయల్దేరింది. చాంద్‌బీ మొగుడు జానీబాషా సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపుతాడు.

"అన్నకి చెప్పావా అక్కా?" అంది చాంద్‌బీ.

"చెప్పడం మొదలుపెడితే ఆయన సగంలో వెళ్లిపోతాడు. ఎందుకొచ్చిన శ్రమ."

ఇంటర్వెల్ దాకా శాంతయ్య చెప్పినట్టే ఉంది. సరిహద్దులో ఆఫీసర్లు ఒక్కొక్కరే చనిపోతున్నారు, రహస్యాలు బయటికి పొక్కుతున్నాయి, అందరి అనుమానం నర్సు మీద. అసలు కథ ఆ తర్వాత నడిచింది. చనిపోయాడనుకున్న కెప్టెను ఖాళీ శవపేటిక వెనకనుంచి నడిచొచ్చాడు. చాంద్‌బీ బిత్తరపోయి హన్నమ్మ చెయ్యి పట్టుకుంటే రెండు గాజులు పగిలాయి. శవాల మీద గాయాలు రిపోర్టులతో సరిపోవడం లేదని ఆ నర్సే కనిపెట్టింది. చీటీల్లో రాసి పై అధికారులకి పంపింది ఆ సంగతే. అసలు ద్రోహి, ప్రతి శవం ముందూ టోపీ తీసి కళ్లు తుడుచుకున్న మేజరు. వాడిమీద ఎవరికీ అనుమానం ఎందుకు రాలేదంటే, మెస్సులో ఒక మీసాల హవల్దారు నలుగురినీ నవ్వించడానికి నర్సు మీద ఒక కథ అల్లాడు. ఆ కథనే అందరూ నమ్మారు.

ఆట ముగిసి తెర మీద జాతీయ జెండా ఎగిరింది. జనగణమన వస్తుంటే సగంమంది తలుపులకేసి తోసుకున్నారు. హన్నమ్మ మాత్రం నిలబడింది. నిలబడే ఆలోచించింది.

సాయంత్రం శాంతయ్య సైకిలు దిగీ దిగకముందే అడిగాడు. "సినిమాకెళ్లావంటగా."

"వెళ్లా. మీరు వదిలేసొచ్చిన సగం వృథాగా పోతోందని."

"నర్సేగా ద్రోహి?"

"కాదు. హవల్దారు."

శాంతయ్య సైకిలుకి స్టాండు వెయ్యడం మర్చిపోయాడు. అది గోడకి జారిపడింది.

"ఏ హవల్దారు?"

"మెస్సు హవల్దారు. మీసాలవీ అచ్చం మీలాగే."

"కుదరదు. బంకరు ప్లాన్లు హవల్దారు చేతికి ఎట్లా వస్తాయే? ఏ గాడిద రాశాడు ఆ కథ?"

"నాకేం తెలుసండీ. ఊరంతా చూస్తున్నారు. రేపు బజార్లో మిమ్మల్ని చూసి ఏమంటారోనని నాకూ బెంగగానే ఉంది."

ప్రేమకుమారి నవ్వు దాచుకోడానికి మొహం పక్కకి తిప్పుకుంది.

"ఇంకొకటి ఉంది, కదలకుండా వినండి," అంది హన్నమ్మ, ఈసారి నవ్వకుండా. "ఆదివారం ఆరింటి బస్సుకి పిల్లని నేను తీసుకెళ్తున్నా. కాగితం ఇస్తే కాగితంతో వెళ్తాం. ఇవ్వకపోతే ట్రంకు పెట్టెతో వెళ్తాం. పెద్దాఫీసరు బల్ల మీద పెట్టి, మా ఆయన తాళంచెవి ఇవ్వలేదండీ, ఉత్తర్వు ఇందులోనే ఉంది, మీరే తీసుకోండి అని చెప్తా."

"నేనూ ఒక చెయ్యి పడతా," అంది ప్రేమకుమారి.

"నా మాటంటే లెక్కలేదా ఈ కొంపలో?"

"పూర్తిగా చెప్తే లెక్కపెడతాం. దాన్ని లెఫ్టినెంటుగా తీసుకుంటున్నారు. మీరు సెల్యూట్ కొట్టాల్సొస్తుందనా?"

"అది కాదు."

"మరేంటి?"

ఆయన వీధిలోకి నడిచాడు. వెనకనుంచి హన్నమ్మ అంది. "మిలటరీ మనిషట. సినిమా చివర జనగణమనకి ఇంతవరకు నిలబడింది లేదు. ఇంటర్వెల్‌కే లేచొచ్చేవాళ్లకి అది ఎప్పుడు వినపడాలి?"

శనివారం ఆయన తోటకి వెళ్లలేదు. మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికో చెప్పకుండా వెళ్లాడు. హన్నమ్మ అడగలేదు. కూతురి బట్టలు మడిచి సంచిలో సర్దుతూ కూర్చుంది.

పొద్దుగూకే వేళ చాంద్‌బీ గోడ మీదుగా తల పెట్టింది. "అక్కా, మా ఆయన చెప్పాడు. అన్న ఇంటర్వెల్‌కి లేవలేదంట. జనగణమన అయ్యేదాకా అటెన్షన్లో నిలబడ్డాడంట. జనమంతా వెళ్లిపోయాక మళ్లీ కుర్చీలో కూలబడ్డాడంట. ఒంట్లో బాగాలేదేమోనని మంచినీళ్లిచ్చి పంపాడు."

శాంతయ్య వచ్చి నేరుగా పీట మీద కూర్చున్నాడు. హన్నమ్మ వడ్డించింది. పప్పు అయింది, పులుసు అయింది. ఇక లేస్తాడని ఆవిడ చెంబు అందించబోయింది. ఆయన లేవలేదు.

"మజ్జిగ లేదా?"

ముప్పయ్యేళ్ల కాపురంలో ఆ ప్రశ్న మొదటిసారి. హన్నమ్మ గబగబా గిన్నె తెచ్చింది.

"ద్రోహి మేజరు," అన్నాడు కలుపుకుంటూ. "హవల్దారు కాదు. అబద్ధం చెప్పావు."

"ఆ భుజాల మీద పట్టీల తేడాలు నాకేం తెలుస్తాయండీ."

"తెలుసు. నీకన్నీ తెలుసు." చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. "కానీ ఆ హవల్దారు..."

అక్కడ ఆగిపోతాడనుకుంది హన్నమ్మ. ప్రేమకుమారి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన ఎడమచేత్తో మొలతాడు ముడి విప్పి, తాళంచెవి తీసి కంచం పక్కన పెట్టాడు.

"అరవై అయిదు యుద్ధంలో కాలికి దెబ్బ తగిలి మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నా కదా," అన్నాడు, కూతురివైపు చూడకుండా. "ఒక నర్సు రోజూ కట్టు మార్చేది. నొప్పికి నేను బూతులు తిడుతుంటే, తిట్టుకో, కాలు మాత్రం కదపకు అనేది. ఆ కాలితోనే ఇవాళ సైకిలు తొక్కుతున్నా. యూనిట్‌కి తిరిగొచ్చాక మెస్సులో నలుగురూ చేరితే, ఆవిడ మీద నేనొక కథ కట్టి చెప్పా. అంతా అబద్ధం. విరగబడి నవ్వారు. నర్సుల గురించి ఏం మాట్లాడుకుంటారో తెలుసన్నానే, ఎలా తెలుసంటే ఇలా తెలుసు. ఇవాళ తెర మీద ఆ మీసాల వెధవ నవ్వుతుంటే హాల్లో అందరూ నన్నే చూస్తున్నట్టుంది."

ఆయన మజ్జిగన్నం చివరి మెతుకు దాకా తిన్నాడు. తర్వాత తలెత్తి కూతుర్ని చూశాడు.

"పేరైనా అడగలేదు ఆవిణ్ణి. నీ వెనక కూడా నాలాంటివాడు ఎవడో కూర్చుని కథలు కడతాడని భయపడి, నిన్ను ఇంట్లో పెట్టి తాళం వెయ్యాలనుకున్నా. తప్పు నాది ప్రేమా. అప్పుడూ నాదే, ఇప్పుడూ నాదే."