సుంకులపల్లె బండికి లివరు

"ఆరో బోల్టు విప్పుటకు అనుమతి కలదు," అంది ఆనతి.

"నువ్వు చెప్పకముందే ఇప్పేసినా," అంది హుసేనమ్మ బండి కింద నుంచి. "ఏడోదాని కాడ ఉండా."

"ఆరో బోల్టును యథాస్థానమున బిగించి, తిరిగి విప్పవలెను."

హుసేనమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. ఆరో బోల్టు బిగించింది. అదే బోల్టు మళ్లీ విప్పింది. తాడిపత్రి షెడ్డులో పనిముట్ల బీరువా ఆమె అరచేయి చూస్తేనే తెరుచుకుంటుంది. ఆ అరచేయి చెల్లాలంటే షెడ్డు కప్పులోంచి మాట్లాడే ఈ ఆనతి అనే యంత్రం మాట వినాలి. ఇసుక వచ్చి సగం సీమను కప్పేశాక ఏ బండి ఎటు పోవాలో, ఏ నట్టు ఎప్పుడు తిరగాలో అంతా ఆనతే చూసుకుంటోంది. చూసుకుంటోందని పేరేగానీ దానికి కళ్లెక్కడివి? బండ్ల చక్రాలు పంపే కబుర్లే దాని చూపు.

చక్రాల వైపు బలం మోసే ప్రొపెల్లర్ షాఫ్టులు అప్పటికే ఊడదీసి పక్కన పెట్టింది. జాకీ మీద ట్రాన్స్‌ఫర్ కేసు మెల్లగా కిందికి దిగింది. గేర్‌బాక్సు నుంచి వచ్చే బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచే పెట్టె అది. దాన్ని బల్ల మీదికి ఎత్తడానికి బండి డ్రైవరు ఓబులేసు ఒక చేయి వేశాడు.

"ఎన్నోసారప్పా ఇది?" అంది హుసేనమ్మ.

"మూడోసారి," అన్నాడు ఓబులేసు నేల చూపులు చూస్తూ.

"మూడోసారి! నడుపుతాండావా, నములుతాండావా ఈ బండిని? నా పానం తీయనీకే పుట్టినావు గదా!"

మూడోసారి పాడైన బండి కరిగింపుకు పోతుంది. డ్రైవరు తప్పని మెకానిక్ అరచేయి ఒత్తితే చాలు. సుంకులపల్లెకు నీళ్లు మోసే బండి ఇదొక్కటే. ఇది పోతే ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని, ఊళ్లు ఖాళీ అయినవాళ్లను కుక్కే గుంపుకొట్టాల్లోకి పోవాలి. ఓబులేసు పెళ్లాం పచ్చి బాలింత. ఆ రేకుల కింద పసిబిడ్డతో ఎలా ఉంటుంది?

హుసేనమ్మ నూనె వంపింది. నూనె నిండా ఇనుపరజను. పెట్టె రెండు చెక్కల మధ్య గాడిలో ఇనుపపట్టీ దూర్చి, అంచు చెడకుండా మెల్లగా విడదీసింది. లోపలి గొలుసు సాగిపోయి పాత మంచం నవారులా వేలాడుతోంది. పళ్లచక్రం పళ్లు ఒకే వైపు అరిగిపోయాయి. ఆమె తిట్టబోయి ఆగింది. గొలుసు చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూసింది.

"ఓబులేసూ, ఇది ఇసకలో తిరిగిన గొలుసు కాదు."

అతను గతుక్కుమన్నాడు.

"నాలుగు చక్రాలూ ఒక్కటిగా బిగిసినప్పుడు మలుపు తిరిగితే, ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం పోవాల. ఇసకలో అయితే చక్రం రవ్వంత జారి ఆ బిగువు వదిలేస్తాది. గట్టి నేల మీద జారదు. ఆ బిగువంతా ఈ గొలుసు మీద పడతాది. యాడ తిప్పినావు దీన్ని? నిజం చెప్పు, లేకుంటే ఇదే గొలుసుతో నాలుగేస్తా."

ఓబులేసు కప్పు వైపు భయంగా చూసి గొంతు తగ్గించాడు. "నీళ్లబండి ఊరికే కూరుకుపోతాందని, మూతబడిన గనుల్లోంచి బండలు మోసుకొచ్చి పరిచినామక్కా. దోవంతా. ఆడోళ్లు, ముసిలోళ్లు, అందరమూ మోసినాం. అనుమతి లేకుండా నేల మీద ఏం ఏసినా పీకించేస్తారు గదా, అందుకే ఎవురికీ చెప్పలా."

"మరి బండల మీద నాలుగు చక్రాలూ ఎందుకు బిగించినావు?"

"నేనెక్కడ బిగిస్తి? నా చేతిలో ఏముండాది? ఆ మోటరే బిగిస్తాది."

కేసు పక్కనే పిడికిలంత మోటారు. ఆనతి చెప్పినట్టు చక్రాలను బిగించేది, వదిలేది అదే. హుసేనమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏయ్ ఆనతీ! సుంకులపల్లె దోవ బండలు పరిచిన దోవ!"

"అయ్యో, చెప్పేస్తివే!" అని ఓబులేసు తల పట్టుకున్నాడు.

"అది ఇసుక," అంది ఆనతి.

"ఇసకని నీకెట్ల తెలుసు?"

"చక్రాలు నాలుగూ బిగిసి ఉన్నవి కనుక."

"బిగించిందెవురు?"

"ఇసుక కనుక ఆనతి బిగించెను."

"బండలని నేను చెప్తాండా గదే!"

"మాట సాక్ష్యం కాదు. చక్రమే సాక్ష్యం. డ్రైవరు తప్పుగా ధ్రువీకరించి అరచేయి ఒత్తవలెను. బండి కరిగింపునకు పోవును."

బల్ల అంచున అరచేయి ఒత్తే పలక మీద పచ్చదీపం వెలిగింది. హుసేనమ్మ దాని వైపు చూసింది, ఓబులేసు వైపు చూసింది. ఎండలో మోసిన బండరాళ్లు అతని భుజం మీద కాయలు కట్టించాయి. దీనితో వాదించడం కన్నా గోడకు తల బాదుకోవడం నయమనిపించి, స్పానరు మోటారుకు తగిలించింది.

"అనుమతి లేదు."

మోటారు ఊడి వచ్చింది.

"అనుమతి లేదు. స్పానరును బీరువాలో ఉంచనిచో అరచేయి రద్దగును."

"రద్దు చేసుకోపో! ఇన్నాళ్లూ నీ చెప్పుచేతల్లో పడి ఉండి ఏం బాగుపడినా?"

పాతసామాను కుప్పలోంచి అదే రకం కేసు ఒకటి లాగి, దాని గొలుసూ పళ్లచక్రాలూ తీసి ఇందులో వేసి, పెట్టెను మళ్లీ బండికి బిగించింది. మోటారు ఉన్నచోట ఇనుపకడ్డీ తగిలించి, అడుగు రేకుకు కంత చేసి డ్రైవరు సీటు పక్కకు లాగింది. పని ముగిసేవరకూ ఆనతి అనుమతి లేదంటూనే ఉంది.

"ఇది లివరు," అంది. "ఇసక తగిలితే ముందుకు తొయ్, బండల మీద వెనక్కి లాగు. నీ కండ్లతో సూసి, నీ చేత్తో."

ఓబులేసు లివరు పట్టుకుని ఒకసారి తోశాడు, ఒకసారి లాగాడు. "నీ అరచేయి పోతాదే అక్కా?"

"నా సంగతి నీకెందుకు? బిడ్డ కాడికి పో!"

బండి వెళ్లిపోయింది. పచ్చదీపం ఆరింది. బీరువా దానంతటదే మూసుకుంది. హుసేనమ్మకు ఏడుపొచ్చింది. అందులో ఉన్నది పదిహేనేళ్ల బతుకు. కొంగుతో ముక్కు తుడుచుకుని గడప మీద కూలబడింది.

పొద్దు వాలాక కప్పులోంచి ఆనతి గొంతు వినిపించింది. "సుంకులపల్లె బండి నుండి చక్రాల బిగింపు సమాచారం లేదు. బండి కదులుచున్నది. నేల తెలియదు. కార్మికురాలు నేల ఏదో తెలుపవలెను."

"ఇందాక చెప్తే ఇన్నావా? దిగొచ్చి సూసుకో!"

గేటు ముందు ఇంకో ఊరి నీళ్లబండి ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఓబులేసు దోవలో ఎదురొచ్చినాడక్కా. బండి ఎంత మెత్తగా పోతాందో! మా ఊర్లోనూ బండలు పరుచుకున్నాం. ఎవురికీ చెప్పలేదనుకో. ఆ లివరేదో నాకూ పెడ్తావా?"

హుసేనమ్మ లేచి చీర దులుపుకుంది.

"నీ కాడ స్పానర్లు ఉండాయా?" అంది.