వంకర రిబ్బన్

"రేపు పొద్దున మంత్రిగారిని లేపేస్తున్నారు," అన్నాడు గూఢచారి శాఖ అధికారి క్రాల్, కేకు మీది మీగడ గీరుతూ. "మన ఊరి యుద్ధ స్మారకం దగ్గర. బాంబు."

బేకరీ వెనక గదిలో ఏజెంట్ హెనింగ్ బ్రోడర్సన్ కాఫీ కప్పు కింద పెట్టాడు. అతనికి పెళ్లయి ఇంకా నెల కాలేదు. వేలి ఉంగరాన్ని ఊరికే తిప్పి చూసుకుని మురిసిపోయే మనిషి, ఇప్పుడు చూసుకోలేదు.

"సభ ఆపించండి సార్!"

"ఆపితే మనకి కబురు పంపిన వలేస్కా దొరికిపోతుంది. శత్రు ముఠాలో మనకున్నది ఆవిడొక్కతే."

"అక్కడ మా ఆవిడ ఆనెగ్రెట్ బ్యాండులో ట్రంపెట్ ఊదుతుంది సార్. సరిగ్గా ఆ రాతి పక్కనే!"

"అందుకే నిన్ను పంపుతున్నా. పొరపాటు చెయ్యవు." క్రాల్ చెంచా నాకాడు. ఆ చెంచా లాక్కుని విరిచెయ్యాలనిపించింది హెనింగ్‌కి.

మర్నాడు నవంబర్ ఆదివారం, యుద్ధమృతుల స్మృతి దినం. పెట్టుడు మీసం, పక్క ఊరి ఫైర్ బ్రిగేడ్ యూనిఫాం, చెవి మిషన్‌లో దాచిన మెటల్ డిటెక్టర్‌తో హెనింగ్ జనంలో కలిశాడు. డిటెక్టర్ ప్రతి పుష్పచక్రం దగ్గరా కూసింది. వాటి లోపలంతా ఇనప తీగే. ముసలాళ్ల పతకాల దగ్గర మరీ కూసింది. తిట్టుకుంటూ మీట నొక్కి దాన్ని ఆపేశాడు.

ఇసకరాతి మీద రెండు యుద్ధాల పేర్లు. రెండో వరసలో నాన్న పేరు. శవం రాలేదు, సమాధి లేదు. ఈ ఊళ్లో నాన్నకున్నదల్లా ఆ చెక్కిన అక్షరాలే. వాటి కింద బాంబు పెడతారట!

నల్ల టోపీ, సన్నటి జాలీ ముసుగు, ఖరీదైన సెంటు. యుద్ధ వితంతువుల సంఘం తరఫున వచ్చిన వలేస్కా అతని చెవి దగ్గర ఆగింది. ముందే అనుకున్న సంకేతం: మంచు పడుతుందంటే బాంబు ఉన్నట్టు. ఎండ కాస్తుందంటే ముఠా విరమించుకున్నట్టు.

"ఎండ కాస్తుంది," అని గుసగుసలాడింది.

హెనింగ్ ఊపిరి వదిలాడు. బ్యాండులో ఆనెగ్రెట్ ఎర్రబడ్డ ముక్కుతో, ఉబ్బిన బుగ్గలతో ఊదుతోంది. ఎంత ముద్దొచ్చిందో!

ఒక్కొక్కరే రాతికి పుష్పచక్రం ఆనించి, వంగి, దానికి కట్టిన రిబ్బన్ రెండు కొసలూ మీది అక్షరాలు కనపడేలా సర్ది, వెనక్కి జరిగి తల వంచుతున్నారు. వలేస్కా ఆనించింది. తల వంచింది. పక్కకి తప్పుకుంది.

సర్దలేదు.

ఈ ఊళ్లో పుట్టిన మనిషి అది మరిచిపోవడమా? కావాలనే వదిలింది. ఎండ మాట అబద్ధం, ఆవిడ ముఠా మనిషే! వంకర రిబ్బన్ చూసి చెయ్యి ఆపుకోగలవాడు ఈ దేశంలోనే లేడు!

మంత్రిగారు తన రిబ్బన్ సర్దుకున్నారు. పక్కనున్న వంకర రిబ్బన్ చూశారు. నొచ్చుకున్నట్టు మొహం పెట్టి చెయ్యి చాపారు.

"ముట్టుకోకండి!"

హెనింగ్ ఎగిరి ఆ చేతిని ఒడిసిపట్టాడు. మంత్రిగారు తడి ఆకుల్లో చతికిలపడ్డారు. రిబ్బన్ వెనక, చక్రంలోని ఫర్ చెట్టు కొమ్మల్లోకి బిగువుగా ఒక సన్నతీగ. రిబ్బన్ లాగితే పేలేదే.

"మౌనం పాటించేప్పుడు ఆ అరుపులేంట్రా, సిగ్గులేనోడా!" ఒక ముసలమ్మ గొడుగుతో వీపు మీద బాదింది.

"బాంబు మామ్మా! అందరూ వెనక్కి!"

జనం చెదిరారు. వలేస్కా కారు వైపు పరిగెత్తింది. బ్యాండు వరసలోంచి ఒక కాలు ముందుకొచ్చింది. వలేస్కా బోర్లా పడింది. ఆ కాలు ఆనెగ్రెట్‌ది.

హెనింగ్ బేడీలు వేస్తూ పళ్లు కొరికాడు. "మా నాన్న పేరు కింద బాంబు పెడతావా?"

"రాతికి నొప్పేంటి?" అంది వలేస్కా.

"నాకుంది."

బాంబు స్క్వాడ్ పని ముగించాక క్రాల్ చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. "నేను చెప్పలా, పొరపాటు చెయ్యవని!"

హెనింగ్ చెవి మిషన్ పీకి అతని అరచేతిలో కొట్టాడు. "ఈసారి మీ ఆవిణ్ణి నిలబెట్టండి సార్ అక్కడ."

ఆనెగ్రెట్ ట్రంపెట్ చంకన పెట్టుకుని వచ్చింది.

"నన్ను ఎప్పుడు గుర్తుపట్టావ్?" అన్నాడు హెనింగ్.

"వచ్చినప్పుడే. ఉంగరం తియ్యడం మర్చిపోయావ్, దొరగారూ."

"మరి ఆవిడ బాంబు పెట్టిందని నీకెలా తెలిసింది?"

"బాంబా? నాకేం తెలుసు? నీ చెవిలో ఊసులాడింది, అందుకే కాలు పెట్టా."