కన్ను తెరవని గుడ్లగూబ

వచ్చిన మొదటి రోజే హరికిరణ్ బ్రష్షులు కడిగే నీళ్ల మగ్గు తన్నేశాడు.

టాటానగర్ కాసిడీహ్‌లో మేడమీద గది రోహిణి పెయింటింగ్ క్లాసు. ఆదివారం పొద్దున్నే వాన దంచికొడుతుంటే తల దాచుకుందామని మెట్లెక్కాడు. రంగునీళ్లు గదంతా పారాయి.

"సారీ మేడమ్! బారిష్ రుకేగీ తో చలా జావూంగా." వాన తగ్గగానే వెళ్లిపోతానని హిందీలో బతిమాలాడు.

"పోంఛ్‌కే జాయియే," తుడిచి మరీ వెళ్లమని రోహిణి గుడ్డ విసిరింది.

తుడుస్తూ తలెత్తితే గోడ నిండా గుడ్లగూబలు.

"అమ్మో! ఇన్నా?"

"ఓహో, తెలుగువాళ్లా!" రోహిణి నవ్వింది. "పక్కింటి బెంగాలీలకి లక్ష్మీదేవి వాహనం. మనోళ్లకే ఎందుకో భయం."

"నాకు భయమేటి? టాటానగర్‌లో రైల్వే సిగ్నల్ మెయింటెయినర్ని. నైట్ డ్యూటీలో ఎన్ని చూడలేదు!"

"అయితే ఒకటి వెయ్యండి, చూద్దాం," అంటూ చేతిలో బ్రష్ పెట్టింది.

వాన తగ్గింది గానీ మనిషి కదల్లేదు. మళ్లీ ఆదివారం వచ్చాడు, ఆ పై ఆదివారమూ వచ్చాడు.

"ఇది ఆక్రిలిక్ అండీ. ఆలోచిస్తూ కూర్చుంటే ఎండిపోతుంది. చూడాల్సింది గుడ్లగూబని, నన్ను కాదు."

"రెండూ చూత్తన్నాను కదా!"

ముందు ముదురు గోధుమరంగు, అది ఆరాక పైన లేతరంగు ఈకలు. ఏడో వారానికి గుడ్లగూబ కొమ్మమీద దర్జాగా కూర్చుంది. కళ్లలో రెండు తెల్ల చుక్కలు పెడితే అయిపోతుంది. ఆ చుక్కలకే మూడు వారాలుగా ముహూర్తం కుదరడం లేదు. ఓసారి చెయ్యి వణుకుతోందన్నాడు, ఓసారి తెలుపు మరీ తెల్లగా ఉందన్నాడు.

రోహిణికి అర్థం కాకపోలేదు. అతనంటే ఇష్టమని ఆమె ఎప్పుడో తేల్చుకుంది. కానీ ఈ గోడ చూసి ఇదివరకే రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. గుడ్లగూబల్ని దించి మాత్రం ఏ ఇంటికీ వెళ్లనని అప్పుడే ఒట్టేసుకుంది.

తరవాతి ఆదివారం అతనికంటే ముందు వాళ్లమ్మ పద్మకుమారి మెట్లెక్కింది. వెనకాల హరికిరణ్, చేతిలో దుప్పటి చుట్టిన కాన్వాస్. ఇంటి దగ్గర పూర్తి చేస్తానని కిందటి వారం తీసుకెళ్లిందే.

"నువ్వేనా గుడ్లగూబల టీచరువి?"

"నేనేనండీ. కూర్చోండి."

"కూకోడానికి రాలేదమ్మా. గుడ్లగూబ దూరిన ఇల్లు ఖాళీ చెయ్యాల. బర్మామైన్స్‌లో క్వార్టర్‌కి తాళమేసి వారమై పక్కింట్లో ఉంటన్నాం. బొమ్మే కదంటాడు వీడు. బొమ్మైతే ఏటి, గుడ్లగూబ కాదా?"

వాదనకి దిగితే ఏమవుతుందో రోహిణికి తెలుసు. నెమ్మదిగా దుప్పటి విప్పింది.

"అమ్మా, దసరాకి దుర్గమ్మ బొమ్మకి కళ్లెప్పుడు దిద్దుతారు?"

"ఆఖర్న."

"అందాకా?"

"అందాకా మట్టే."

"ఇదీ అంతే. కళ్లు చూడండి, చుక్క పెట్టలేదు. ఇంకా ఉత్త గుడ్డా రంగూనే. మీ ఇంట్లోకి గుడ్లగూబ రానేలేదు."

పద్మకుమారి కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది. నిజమే, లేదు. ప్రాణం కుదుటపడి కొడుకు వైపు తిరిగింది.

"ఇంతా ఏసి కళ్లెందుకు దిద్దలేదురా?"

అతను రోహిణి వైపే చూస్తూ చెప్పాడు. "దిద్దితే బొమ్మ అయిపోద్ది. అయిపోతే ఏ వంకతో ఇక్కడికొత్తాను? ఈవిడంటే నాకిష్టం అమ్మా."

"ఈవిడికి చెప్పావా?"

"ఇప్పుడే కదా చెప్పాను!"

రోహిణి తెలుపు ట్యూబు మూత తిప్పింది. "ఆలోచిస్తూ కూర్చుంటే ఎండిపోతుందని మొదట్లోనే చెప్పాను కదండీ. నాకూ ఇష్టమే." బ్రష్‌ని తెలుపులో ముంచి అతని చేతికిచ్చింది. "కానీ ఈ గోడని వదిలి రాను. చుక్కలు పెట్టండి."

అతని చెయ్యి ఈసారి వణకలేదు. గుడ్లగూబ కళ్లు తెరిచి ముగ్గురినీ చూసింది. పద్మకుమారి ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇది మా ఇంట్లో దూరడానికి వల్లకాదు," అంది.

రోహిణి కళ్లలో నీళ్లు తిరిగాయి, చూపు మాత్రం దించలేదు.

పద్మకుమారి ఆ పిల్లనే ఎగాదిగా చూసింది. "దానంతటది దూరితే ఇల్లొదలాల. కోడలి సారెలో వచ్చిందాన్ని మాత్రం కాదనకూడదు. దండమెట్టి దించుకోవాల."

అర్థం కావడానికి హరికిరణ్‌కి కాస్త టైం పట్టింది. రోహిణి అప్పటికే కళ్లు తుడుచుకుని నవ్వుతోంది.

"ఒక్కటేనా అత్తయ్యా? గోడమీద ఇంకా పదకొండున్నాయి."

పద్మకుమారి గోడంతా ఒకసారి కలియజూసి, గట్టిగా ఊపిరి తీసుకుంది.

"అన్నీ తే. సారె నిండుగా లేపోతే వీధిలో మాకే నామోషీ."