రెండు వేళ్ల లెక్క

"పది గుండీలు కావాలండీ."

"పది ఇవ్వం. డజను తీసుకోండి."

ఆ గొంతు కంప్యూటర్ మాస్టారికి ఇప్పటికీ చెవిలోనే ఉంది. ఫోన్లు ఇంకా జేబుల్లోకి రాని రోజులవి. ఆయన పాఠాలు చెప్పిన మేడ ఇప్పుడు లేదు, దానికెదురుగా ఉన్న గుండీల కొట్టూ లేదు. అప్పుడు కౌంటర్లో కూర్చున్నది కొట్టు యజమాని కూతురు.

"లోకమంతా పదుల్లో లెక్కపెడుతుంటే మీకేం వచ్చిందండీ?"

"పదిని ముగ్గురికి పంచండి చూద్దాం! డజనైతే ఇద్దరికీ, ముగ్గురికీ, నలుగురికీ సరిపోతుంది. గుండీని విరిచి ఇవ్వలేం కదా!"

మాస్టారు డజనే కొన్నాడు. మర్నాడూ వెళ్లాడు. ఆయన చొక్కా గుండీలు ఊడుతున్నాయో, ఆయనే పీకుతున్నాడో పైవాడికెరుక.

"మీ కంప్యూటర్ దేంతో లెక్కపెడుతుంది?" అని ఓ రోజు ఆమె అడిగింది.

"రెంటితోనే. స్విచ్ వేసుందా, లేదా! అంతకుమించి దానికి బుర్ర లేదు." చెయ్యి చాపాడు. "బొటనవేలు ఒకటి, చూపుడువేలు రెండు, మధ్యవేలు నాలుగు. ఇలా రెట్టిస్తూ పోయి, ఎత్తిన వేళ్లు కూడుకుంటే ఒక్క చేత్తోనే ముప్పై ఒకటి దాకా పోవచ్చు."

"అబ్బో! నాకు నా వేళ్ల కణుపులు చాలు, నాలుగు వేళ్లకూ కలిపి డజను" అంది. అంటూనే నేర్చుకుంది.

అంతలో ఆమెకు సంబంధం వచ్చింది. ఆదివారం రాత్రికల్లా తండ్రికి అవునో కాదో చెప్పాలి. ఆ సంగతి ఆమే మాస్టారికి చెప్పింది.

"ఆదివారం పార్కు గేటు దగ్గరికి రాగలరా? ఎన్నింటికి?" అని గొణిగాడు.

వెనకాల తండ్రి తలెత్తాడు. ఆమె మాట్లాడకుండా చూపుడువేలూ మధ్యవేలూ ఎత్తింది.

ఆదివారం రెండింటికల్లా మాస్టారు గేటు దగ్గరున్నాడు. వాన కూడా వచ్చింది. ఆమే రాలేదు. మూడైంది, నాలుగైంది. వెళ్లిపోతే ఆమెను చేతులారా వదులుకున్నట్టేననిపించి కదల్లేదు.

ఆరింటికి ఆమె గొడుగేసుకుని నవ్వుతూ వచ్చింది.

"ఎంతసేపైంది వచ్చి?"

"రెండింటికే వచ్చాను."

"అయ్యో రామా! నేను చూపించింది ఆరు! రెండూ నాలుగూ, మీ లెక్కలోనే!"

"మీ నాన్నగారి ముందు కదా, అందరి లెక్కే అనుకున్నాను." గట్టిగా తుమ్మాడు. "మీరంటే నాకిష్టమండీ. అది చెబుదామనే..."

"అది చెప్పడానికింత తడవాలా?" ఆమె నవ్వింది. కళ్లు మాత్రం నిండిపోయాయి. "నాకూ ఇష్టమే. పదండి, ఈ ముక్క మా నాన్నతో చెబుదురుగాని."

గుమ్మంలో నీళ్లు కారుతున్న మనిషిని తండ్రి ఎగాదిగా చూశాడు. జరిగిందంతా విన్నాడు. 

"మొన్న పెళ్లిచూపులకొచ్చిన ఆ అబ్బాయి, కాఫీ కాస్త ఆలస్యమైతేనే వాచీ చూసుకున్నాడు" అంటూ లేచి తువ్వాలు తెచ్చాడు. "తల తుడుచుకో అల్లుడూ, జలుబు చేస్తుంది."