తడవని కత్తి

నేరాల ఆరా తీసే ఆంబ్రోస్ క్విల్ బూట్లు విప్పకముందే హనోరా డగ్గన్ తలుపు తోసుకుని వచ్చింది. వానకి నిలువెల్లా తడిసిపోయింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా ఆయన్ని పట్టుకుపోయారయ్యా! మేజర్ పెన్‌హాలో గారి యుద్ధపు కత్తి నిన్న మా గుడిసెలో గడ్డి కింద దొరికింది. అసలే శిక్ష తీరకముందే సర్కారు ఇచ్చిన సెలవు చీటీ మీద బయట తిరుగుతున్న ఖైదీ. రుజువైతే మళ్ళీ నార్ఫోక్ దీవి జైలుకే, సంకెళ్ళలోకే!"

"నిన్న ఏం చేశాడమ్మా?"

"గొర్రెల షెడ్డులో ఉన్నాడు. బొచ్చు కత్తిరింపులు కదా, గాటు పడ్డ గొర్రెకి తారు పూయడం ఆయన పని. మధ్యాహ్నం రొట్టె తినడానికి ఇంటికొచ్చాడు, అదే కొంప ముంచింది. ఆ నల్లటి చేతులు కడుక్కోమని రోజూ తిడతాను. ఇసకేసి తోమినా వదలదు."

"మేజర్‌తో తగాదా ఏమైనా ఉందా?"

"సరిహద్దు గుంజలు జరిపించి చిన్న రైతుల నేల కలిపేసుకున్నారు. మా ఆయన చూశాడు. సోమవారం కోర్టులో చెప్పాలి."

క్విల్ మళ్ళీ వానలోకే నడిచాడు. సహాయకుడు నేథన్ ప్రౌట్ టోపీ వెతుక్కుంటూ వెంటపడ్డాడు. ఈయన నిలకడగా కూర్చున్న రోజు నేథన్ ఎరగడు, అయినా ఈయనంటే ప్రాణం.

ఠాణాలో జవాను కత్తి చూపించాడు. ఒర మేజర్ గారి గోడకే ఉండిపోయిందట. పిడికి కట్టిన తోలుపట్టీ తెల్లగా మెరుస్తోంది. కత్తి అలుగు మీద వేలు రాస్తే నూనె అంటింది.

"నువ్వు తుడిచావా?"

"ముట్టుకుంటే ఒట్టు! దొరికింది దొరికినట్టే ఉంది."

సాయంత్రం క్విల్ అందరినీ మేజర్ గారి వరండాలో కూడేశాడు. మేజిస్ట్రేటు వచ్చాడు. జవాను డగ్గన్‌ని బేడీలతో తెచ్చాడు. హనోరా గోడ వారగా నిలబడింది.

"త్వరగా కానివ్వండి, ఎన్నికల పని నెత్తి మీదుంది," అన్నాడు మేజర్.

క్విల్ గోడ మీది ఒర తెప్పించి, కత్తిని వానలోకి చాచి, నీళ్ళు కారుతుండగానే మేజర్ కార్యదర్శి ఎడ్విన్ చేతికిచ్చాడు. "ఒరలో పెట్టండి." ఎడ్విన్ పెట్టబోయాడు.

"తడి కత్తి ఒరలో దోపుతావా, దద్దమ్మా!" మేజర్ కత్తి లాక్కున్నాడు. జేబులోంచి నూనెగుడ్డ తీసి తుడవసాగాడు.

"నిన్న గుడిసెలోనూ ఇలాగే తుడిచారు," అన్నాడు క్విల్. "నిన్న పొద్దుణ్ణించీ వాన తెరిపివ్వలేదు. ఒర లేని కత్తి అరమైలు దూరం వచ్చింది, అయినా అలుగు మీద కొత్త నూనె! దొంగెవడైనా కత్తికి నూనె రాస్తాడా? ఎడ్విన్‌కి ఆ ధ్యాసే లేదు. డగ్గన్ ముట్టుకుంటే తెల్ల పట్టీ నల్లబడేది, ఆ చేతులు చూడండి. దొంగన్న ముద్ర పడితే అతని సాక్ష్యం ఎవరూ నమ్మరు. నేలా దక్కుతుంది, సభలో కుర్చీ దక్కుతుంది. దాచడం బాగానే దాచారు మేజర్ గారూ, నలభై ఏళ్ళ సిపాయి చెయ్యి మాత్రం ఊరుకోలేదు."

మేజర్ చెయ్యి ఇంకా తుడుస్తూనే ఉంది.

"సోమవారం నీ సాక్ష్యం నేనే వింటాను, డగ్గన్," అన్నాడు మేజిస్ట్రేటు. జవాను బేడీలు విప్పాడు.

హనోరా ఆ తారు చేతులు రెండూ పట్టుకుని తన ముఖానికి హత్తుకుని ఏడ్చింది. ఆ రోజు మాత్రం వాటిని కడుక్కోమనలేదు.