అయస్కాంతపు కడియం

ఒంటిపూట బడి వదలగానే వెంకటదుర్గ ఇంటికి వెళ్ళకుండా నేరుగా నాన్న షాపుకు వచ్చింది. మిట్టమధ్యాహ్నం. కరెంటు లేదు. రామచంద్రపురం మెయిన్ రోడ్డు ఎండకు సొమ్మసిల్లినట్టుంది. షాపులో సుకుమార్ అట్టముక్కతో విసురుకుంటూ, విప్పి పెట్టిన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

“నాన్నా, పాడైపోయిన హార్డ్ డిస్క్ విప్పి పెడతానన్నావు కదా?”

“అన్నానమ్మా. కరెంటు రానీ.”

“స్క్రూలు విప్పడానికి కరెంటెందుకు?”

సుకుమార్‌ అట్టముక్క పక్కన పెట్టాడు. నీరసంగా నవ్వి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

షాపులో ఓ మూల పెద్ద అట్టపెట్టె ఉంది. ఇక బాగుచేయడానికి వీల్లేని సామాను ఆయన అందులో పడేస్తాడు. చూసేవాళ్ళకు అది చెత్త. వెంకటదుర్గకు మాత్రం నగల పెట్టె. కీబోర్డు మీటలతో ఉంగరాలు చేసేది. రంగు చారల రెసిస్టర్లను పూసల్లా గుచ్చి లోలాకులు చేసేది. ఎవరి పుట్టినరోజు వచ్చినా తన చేత్తో చేసిన నగే బహుమతి. నాన్న రెండు షరతులు పెట్టాడు. ఆకుపచ్చ బోర్డులను కోయకూడదు. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

రేపు అమ్మ పుట్టినరోజు. అమ్మ సత్యవాణి రొయ్యల కంపెనీలో పనిచేస్తుంది. తెల్లవారుతూనే కంపెనీ వ్యాను వస్తుంది. పొద్దంతా ఐసునీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీస్తుంది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వేళ్ళు కొంకర్లు పోయి ఉంటాయి. కూతురికి జడ వేయాలంటే దువ్వెన పట్టుకోలేదు.

అయస్కాంతం ఉన్న పట్టీ నొప్పిని ఇట్టే లాగేస్తుందని టీవీలో ఒకాయన చెప్పాడు. హార్డ్ డిస్కులో అయస్కాంతాలు ఉంటాయని వెంకటదుర్గకు ముందే తెలుసు. ఇంకేం కావాలి?

డిస్కు మూత ఊడింది. లోపల అద్దంలా మెరిసే గుండ్రటి బిళ్ళ, ఒక పక్కన నెలవంకల్లాంటి రెండు అయస్కాంతాలు బయటపడ్డాయి. వెంకటదుర్గ బిళ్ళను తిరిగి పెట్టెలో పడేసింది. అయస్కాంతాలను మాత్రం అపురూపంగా అందుకుంది.

“జాగ్రత్త. మధ్యలో వేలు పెట్టావంటే నలిగిపోతుంది” అన్నాడు సుకుమార్. “ఇంతకీ దేనికి?”

“అమ్మ చేతికి కడియం చేస్తాను. నొప్పిని లాగేస్తుంది.”

“అయస్కాంతం ఇనుమును లాగుతుంది. నొప్పిని కూడా లాగుతుందని ఎవరు చెప్పారు?”

“టీవీలో చెప్పారు.”

“ఆయనకెలా తెలిసిందిట?”

వెంకటదుర్గ ఆలోచించేలోగా ఫోను మోగింది. ఎవరికో ప్రింటరు అర్జంటుగా కావాలట. సుకుమార్ నిట్టూర్చి, ఫోను చెవికి ఆనించుకుని ఆ పనిలో పడ్డాడు. ఆయన అడిగిన ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

మర్నాడు సాయంత్రానికి కడియం సిద్ధమైంది. పాత యూపీఎస్‌లోంచి తీసిన రాగి తీగను మూడు పాయల జడలా అల్లి, నడుమ నెలవంకను బిగించింది. సత్యవాణి వ్యాను దిగి, గుమ్మంలోనే కూలబడింది. వెంకటదుర్గ ఆమె కుడిచేయి పట్టుకుని కడియం తొడిగింది.

“హ్యాపీ బర్త్‌డే అమ్మా! నొప్పి తగ్గిందా?”

“ఇప్పుడే కదే పెట్టావు.”

కాసేపాగి మళ్ళీ అడిగింది. “ఇప్పుడో?”

సత్యవాణి కూతురి ముఖంలోకి చూసింది. “తగ్గిందమ్మా. ఎంతో హాయిగా ఉంది” అంది. అని, మంచినీళ్ళ గ్లాసును ఎడమచేత్తో అందుకుంది. వెంకటదుర్గ అది గమనించలేదు. ఆ పిల్ల అప్పటికే మేఘాల్లో తేలుతోంది.

పక్కింటి లోవమ్మ అరుగు మీద చతికిలబడి ఇదంతా చూస్తోంది. ఆవిడ వీధి వీధీ తిరిగి చేపలు అమ్ముతుంది. వెంకటదుర్గ క్లాసులోనే చదివే అశోక్‌కు మామ్మ.

“నిజంగానే తగ్గిందంటావా, సత్యవాణీ?”

“తగ్గిందండి, పిన్నిగారూ.”

“అయితే నా కాలికీ ఒకటి చేసిపెట్టు తల్లీ. సుగరొచ్చిన కాణ్ణుంచీ ఒకటే మంటలు. అరికాళ్ళ కింద నిప్పులు పోసినట్టుంటాది.”

“చేస్తాను మామ్మా. దీంట్లో పవర్ ఉంది. ఎంత నొప్పయినా లాగేస్తుంది!” అంది వెంకటదుర్గ.

నిజానికి ఆ మాట టీవీ ఆయనది. కానీ తన నోట వినపడగానే తనకు బాగా తెలిసిన సంగతిలాగే అనిపించింది.

మిగిలిన అయస్కాంతంతో లోవమ్మ కుడికాలికి కడియం తయారైంది. తీగ కొస కొంచెం బయటకు పొడుచుకు వచ్చింది. పటకారుతో లోపలికి వంచింది వెంకటదుర్గ. బయటికి చూస్తే ఎంతో నున్నగా ఉంది.

వారం తిరక్కుండానే లోవమ్మ ఎదురొచ్చి వెంకటదుర్గ బుగ్గలు పుణికింది.

“నీ కడుపు చల్లగుండ! మంటలు పోయాయి తల్లీ. అసలు కాలు ఉన్నట్టే తెలీటం లేదు!”

ఆ మాట చేపల బేసిన్‌తో పాటు ఇల్లిల్లూ తిరిగింది. బడిలో అశోక్ ఊరుకుంటాడా?

“నాకు లెక్కలొచ్చేలా ఓ ఉంగరం చెయ్యవే.”

“వెక్కిరించకు.”

“వెక్కిరింతేం కాదు. మా మామ్మ కాలికి పనిచేసింది, నా బుర్రకు పనిచెయ్యదా? మామ్మ ఈ నెల సుగర్ పరీక్షకు కూడా వెళ్ళనంటోంది తెలుసా? నా డాక్టరు పక్కింట్లోనే ఉందంటోంది.”

అందరూ నవ్వారు. వెంకటదుర్గ కూడా నవ్వింది. నవ్వుతుండగానే లోపల ఎక్కడో ఏదో గుచ్చుకున్నట్టయింది. పరీక్షకు వెళ్ళమని మామ్మతో చెప్పాలనుకుంది. చెబితే కడియం మీద నమ్మకం లేదనుకుంటుందేమో! రేపు చెబుదాంలే అని ఊరుకుంది.

ఆదివారం మధ్యాహ్నం లోవమ్మ చేపలమ్మి తిరిగి వచ్చింది. బేసిన్ కడిగి కుళాయి పక్కన బోర్లించింది. కాళ్ళూ చేతులూ కడుక్కుని, మజ్జిగ అడగడానికి వెంకటదుర్గ వాళ్ళ అరుగెక్కింది.

సిమెంటు మెట్ల మీద తడి అడుగులు పడ్డాయి. ఎడమ అడుగు నీళ్ళ రంగులో ఉంది. కుడి అడుగు ఎర్రగా ఉంది.

చేప నెత్తురేమో అనుకుంది వెంకటదుర్గ. కానీ మామ్మ ఇప్పుడే కాళ్ళు కడుక్కుంది కదా! అది తన కళ్ళతోనే చూసింది. మరి ఈ ఎరుపు ఎక్కడిది?

“మామ్మా, ఒకసారి కాలు చూపించవా?”

“కాలికేమయింది? భేషుగ్గా ఉంది.”

వెంకటదుర్గ వంగి కడియాన్ని మెల్లగా పైకి జరిపింది. చీలమండ కింద చర్మం ఒరుసుకుపోయి ఉంది. తను లోపలికి వంచిన తీగ కొస గుచ్చుకున్నది అక్కడే. పుండు చుట్టూ వాచింది. నెత్తురు మడమ మీదుగా అరికాల్లోకి జారుతోంది.

“మామ్మా! నొప్పి లేదా?”

“చీమ కుట్టినంత కూడా లేదు. నీ కడియం మహిమ అదే కదే! రెండో కాలికీ ఒకటి చేసిపెట్టాలి మరి.”

వెంకటదుర్గ మళ్ళీ పుండు వైపు చూసింది. అంత పుండుకు నొప్పి లేకపోవడం ఏమిటి? ఎంత ఆలోచించినా అది మంచి సంగతిలా కనపడలేదు. కాళ్ళకు చెప్పులు కూడా వేసుకోకుండా షాపుకు పరుగెత్తింది.

సుకుమార్ ఎవరిదో లాప్‌టాప్ బాగుచేస్తున్నాడు. కూతురు రొప్పుతూ చెప్పింది విని, చటుక్కున లేచాడు. “సాయంత్రం రండి, ఏమీ అనుకోకండి” అని దానికోసం ఎదురుచూస్తున్నాయనతో చెప్పి షట్టరు దించేశాడు. ఆటోలో లోవమ్మను ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. దారి పొడవునా ఆవిడ “ఎందుకయ్యా ఈ హైరానా?” అంటూనే ఉంది.

డాక్టరమ్మ కడియం తీసేసి, పుండు కడిగింది. తర్వాత చిన్న దూదిపింజ తీసుకుంది.

“కళ్ళు మూసుకోండి మామ్మగారూ. దూది తగిలినప్పుడల్లా ‘ఆ’ అనండి.”

చేతికి తగిలించింది. “ఆ” అంది లోవమ్మ. మోకాలికి తగిలించింది. “ఆ.” తర్వాత పాదానికి. లోవమ్మ పలకలేదు. బొటనవేలికి, మడమకు, అరికాలికి.

లోవమ్మ కళ్ళు మూసుకునే ఉంది.

“ఇంకా మొదలెట్టలేదేంటమ్మా?” అంది.

డాక్టరమ్మ దూది పక్కన పెట్టింది.

“సుగర్ ఎక్కువై పాదాల్లో నరాలు మొద్దుబారాయండి. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. మీకు పోయింది నొప్పి కాదు, నొప్పి తెలియడం. ఇంకొన్నాళ్ళు ఇలాగే వదిలేస్తే కాలికే ముప్పు వచ్చేది.”

“మరి... కడియం మహిమో?” లోవమ్మ వెంకటదుర్గ వైపు చూసింది.

నాన్న చెబుతాడేమోనని ఆ పిల్ల ఒక్క క్షణం చూసింది. సుకుమార్ కూతురి భుజం మీద చేయి వేసి నిలబడ్డాడంతే.

“మహిమేం లేదు మామ్మా. ఉందో లేదో నాకసలు తెలీదు. తెలీకుండానే తెలిసినట్టు చెప్పాను. ఆ తీగ కొస లోపలికి వంచింది కూడా నేనే.”

లోవమ్మ వంగి తన పాదం కేసి చూసుకుంది. తిడుతుందేమోనని వెంకటదుర్గ బిగుసుకుని నిలబడింది.

“తప్పు నీ ఒక్కదానిదే కాదులే తల్లీ” అంది చివరికి, అలసిన గొంతుతో. “పొద్దున్నే వచ్చి ఇక్కడ లైన్లో నిలబడే ఓపిక లేక, నేనూ నమ్మేశాను.”

పుండు మానేదాకా బేసిన్ ఎత్తకూడదనీ, మందులు మానకూడదనీ డాక్టరమ్మ చెప్పింది. రోజూ రెండు అరికాళ్ళూ చూసుకోవాలంది. “వంగలేకపోతే కింద అద్దం పెట్టి చూసుకోండి.”

ఆ సాయంత్రం వెంకటదుర్గ అమ్మ పక్కన చేరి చాలాసేపు కూర్చుంది. అడగడానికి భయమేసింది. అయినా అడిగింది.

“అమ్మా, నీ చేతి నొప్పి నిజంగా తగ్గిందా?”

సత్యవాణి చేతికి ఉన్న కడియాన్ని అటూ ఇటూ తిప్పింది.

“లేదమ్మా. నీ ముఖం అలా వెలిగిపోతుంటే లేదని చెప్పలేకపోయాను. వివరంగా మాట్లాడే ఓపికా లేదు. ఒక్క మాటతో అయిపోతుంది కదా అని అనేశాను. అది పక్కింటి దాకా పోతుందనుకోలేదు.”

“నేను కూడా చెప్పాల్సింది సగంలో ఆపేశాను” అన్నాడు సుకుమార్, షాపు తాళాలు మేకుకు తగిలిస్తూ.



మర్నాడు బడి వదిలాక వెంకటదుర్గ మళ్ళీ అట్టపెట్టె ముందు కూర్చుంది. ఆ రోజు అక్కర్లేదని పడేసిన గుండ్రటి బిళ్ళ కోసం వెతికింది. బిళ్ళ దొరికింది. దుమ్ము తుడిస్తే తన ముఖం, పైన ఆగిపోయిన ఫ్యాను, అన్నీ స్పష్టంగా కనబడ్డాయి.

“నాన్నా, ఇది పగులుతుందా?”

“కొన్ని గాజువి ఉంటాయి, పగులుతాయి. ఇది అల్యూమినియం. పగలదు.”

బిళ్ళ నడుమ కన్నంలోంచి మెత్తటి నూలు తాడు దూర్చి, రెండు పక్కలా రంగు పూసలు కట్టింది. ఈసారి అంచంతా తన వేలితో తడిమి చూసింది. తర్వాత తన మెడలో వేసుకుని చూసుకుంది. ఆ తర్వాతే లోవమ్మ దగ్గరికి తీసుకువెళ్ళింది.

కాలికి కట్టుతో లోవమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన అశోక్ లెక్కల పుస్తకం ముందేసుకుని తల గోక్కుంటున్నాడు.

“మామ్మా, ఇది నొప్పి తగ్గించదు. దేన్నీ తగ్గించదు. చూపిస్తుంది, అంతే.”

వెంకటదుర్గ తాడు పట్టుకుని బిళ్ళను ఎడమ అరికాలి కింద పెట్టింది. లోవమ్మ మెడ సాచి చూసింది.

“ఓసినీ! ఎన్నాళ్ళయిందే నా అరికాలు నేను చూసుకుని!”

ఆ దారిన పోతున్న ఒకావిడ ఆగింది. “ఏంటి లోవమ్మా ఆ మెరిసే బిళ్ళ? దేనికన్నా మంచిదా?”

లోవమ్మ నోరు తెరిచేలోగా వెంకటదుర్గే అందుకుంది. “అద్దమండి. మెడలో వేసుకోవచ్చు, అరికాలు చూసుకోవచ్చు. అంతకుమించి ఏమీ లేదండి.”

“అయితే నా లెక్కల ఉంగరం?” అన్నాడు అశోక్.

“చేసిస్తాను. లెక్కలు మాత్రం నువ్వే చేసుకోవాలి.”

వీధి చివర కంపెనీ వ్యాను ఆగింది. సత్యవాణి మెల్లగా దిగి, మెల్లగా నడిచి వచ్చింది. చెప్పులు విడుస్తూ కూతురిని చూసి ఎప్పటిలాగే నవ్వింది.

“చేతులెలా ఉన్నాయమ్మా?” అని అడిగింది వెంకటదుర్గ.

“బాగానే...” అని ఆగిపోయింది సత్యవాణి. నవ్వు కూడా ఆగింది. మెట్టు మీద కూర్చుంది.

“లాగేస్తున్నాయే. ఇవాళ మరీనూ.”

వెంకటదుర్గ లేచి, నీళ్ళు వేడిచేయడానికి లోపలికి వెళ్ళింది.